మన కథల్లో మహిమలు – ఒక పరిశీలన

2024లో మేడారం జాతర సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు, ఆరో తరగతి పాప ఒకతె లేచి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. "సార్, సమ్మక్క చిలకలగుట్ట మీద నిజంగనే మాయమైందా? మా నాయనమ్మ అయిందంటది. సైన్సు సార్ మనిషి మాయం కాడంటడు. ఎవల్ది నిజం?"

తరగతి అంతా మా మొహం చూసింది. మేము కోయవాళ్ళం, జాతరకు వెళ్ళి గద్దెల దగ్గర బెల్లం పెట్టి వచ్చినవాళ్ళం. మేము టీచర్లం కూడా. డైట్‌లో చదివినప్పుడు శాస్త్రీయ దృక్పథం గురించి పరీక్ష రాసి పాసైనవాళ్ళం. ఆ రోజు "రేపు చెప్తా కూర్చో" అన్నాం. ఆ రేపు చాలా రోజులకు గాని రాలేదు. ఈ వ్యాసం ఆ పాపకు మేము బాకీ ఉన్న జవాబు. ఇలాంటి ప్రశ్న ఎదురైన టీచర్లకు, అడగాలని ఉండి అడగని యువతీ యువకులకు కూడా ఇది పనికొస్తుందని అనుకుంటున్నాం.

మహిమ అనే మాట వినగానే మనం రెండు జట్లుగా విడిపోతాం. ఒక జట్టు "జరిగింది, అనుమానించొద్దు" అంటుంది. రెండో జట్టు "జరగలేదు, అంతా మూఢనమ్మకం" అంటుంది. రెండు జట్లూ అడిగేది ఒకటే ప్రశ్న: జరిగిందా, లేదా? ఆ ప్రశ్న అవసరమే. కాని దాని పక్కన మరో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఈ మహిమను ఎవరు చెప్తున్నారు? ఎప్పుడు చెప్తున్నారు, పని జరగకముందా, జరిగిన తర్వాతా? మన కథలను ఈ ప్రశ్నలతో చదివితే మాకు కొత్త సంగతులు కనిపించాయి.

ముందు మన కథ కాని ఒక సంగతి చూద్దాం. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగుతున్నాడని వార్త పాకింది. అప్పుడు మేము హాస్టల్లో చదువుకుంటున్నాం. వంటమనిషి దగ్గర చెంచా అడుక్కుని, టీ కోసం ఉంచిన పాలలోంచి కొంచెం పట్టుకుని మేమూ పరుగెత్తాం. చెంచాలో పాలు తగ్గిన మాట నిజమే. తర్వాత శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలతో చేసి చూపించారు. తలతన్యత వల్ల పాలు చెంచా అంచు దాటి, పలుచని పొరగా విగ్రహం మీదుగా కిందికి జారిపోతాయి. పొర పలుచన కాబట్టి కంటికి ఆనదు. తర్వాత కొన్ని రోజులకే దేశం ఆ సంగతి మరిచిపోయింది.

ఎందుకు మరిచిపోయింది? అబద్ధమని తేలినందుకు కాదు. ఆ మహిమ వెనక కథ లేదు. పాలు తాగిన దేవుడు మనకు ఏం చెప్పాడు? ఏమీ చెప్పలేదు. ఎవరి పక్షాన నిలబడ్డాడు? ఎవరి పక్షానా లేడు. అది వట్టి ప్రదర్శన. ప్రదర్శన అంటే చూడటానికి జనం రావాలి, జనం పోతే అదీ పోతుంది.

మేడారం అలాంటిది కాదు. రెండేళ్ళకోసారి మాఘ శుద్ధ పౌర్ణమికి నాలుగు రోజులు జరిగే ఆ జాతరకు వచ్చేవాళ్ళు గద్దెల మీద ఏదో వింత జరుగుతుందని చూడటానికి రారు. అక్కడ విగ్రహం లేదు. వెదురు, కుంకుమ భరిణ, పసుపు కుంకుమలు, మట్టి గద్దె మీద మొక్కు. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగుతుంది. నాలుగో రోజు మళ్ళీ వనంలోకి పోతారు. తెచ్చేది, తిరిగి సాగనంపేది కోయ వడ్డెలు. మహిమ ఉన్నది కథలో.

ఆ కథలో మూడు మహిమలు ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి చూద్దాం.

మొదటిది, పులుల మధ్య పాప. వేటకు పోయిన మేడరాజుకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న ఆడపిల్ల దొరికింది. పులులు ఆమెను ముట్టలేదు. మేడరాజు తెచ్చి పెంచుకున్నాడు. ఆమే సమ్మక్క. జాతర అంగళ్ళలో అమ్మే చిన్న పుస్తకాలు, పాటల క్యాసెట్లు, సీడీలు ఈ ముక్కను ఎలా చెప్తాయో మీరు వినే ఉంటారు. ఆమె ఆదిపరాశక్తి అవతారం, ఆకాశం నుంచి వెలుగు దిగింది, కోయవాళ్ళను ఉద్ధరించడానికి పుట్టింది అని చెప్తాయి. వినడానికి గౌరవంగానే ఉంటుంది. కాని ఆ మాట లోపల ఇంకొక మాట దాగి ఉంది. ఇంత గొప్ప మనిషి కోయగూడెంలో పుట్టడం కుదరదు, ఎక్కడి నుంచో దిగి రావాలి అని దాని అర్థం. మహిమను పెంచినకొద్దీ ఆమెను మన నుంచి దూరం చేస్తున్నారు.

మన పెద్దవాళ్ళు చెప్పేటప్పుడు వెలుగు ఉండదు, ఆకాశవాణి ఉండదు. పులి ఉంటుంది, పాప ఉంటుంది. పులి మనకు సర్కస్ జంతువు కాదు. దాని దారి మనకు తెలుసు, మన దారి దానికి తెలుసు. పులి ముట్టని పిల్ల అంటే అడవి తన పిల్లగా ఒప్పుకున్న పిల్ల అని మేము అర్థం చేసుకున్నాం. ఈ అడవి ఎవరిదని రేపు రాజు అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు కథ మొదట్లోనే ఉంది. ఈ రోజు పోడు భూమి పట్టా కోసం కాగితాలు పట్టుకుని తిరిగేవాళ్ళకు ఆ జవాబు ఎందుకు ముఖ్యమో వేరే చెప్పాల్సిన పని లేదు.

రెండో మహిమ చిలకలగుట్ట. అక్కడికి పోయేముందు యుద్ధం చూడాలి. కరువు వచ్చింది, పంట లేదు. కప్పం కట్టలేమన్నారు. కాకతీయ ప్రతాపరుద్రుని సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు పడిపోయాడు. సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పడిపోయారు. జంపన్న సంపెంగ వాగులో దూకాడు, ఆ వాగే జంపన్న వాగయింది. సమ్మక్క ఒక్కతే పోరాడుతుంటే వెనక నుంచి బల్లెం పోటు పడింది. ఆమె నెత్తురుతో చిలకలగుట్ట వైపు నడిచింది, మలుపు తిరిగింది, ఇక కనిపించలేదు. వెతకపోయినవాళ్ళకు నాగవృక్షం కింద పుట్ట దగ్గర కుంకుమ భరిణ దొరికింది.

ఈ భాగాన్ని మేము చాలాసార్లు విన్నాం. కాని ఒక సంగతి ఈమధ్యే గమనించాం. యుద్ధం జరిగినంతసేపూ ఒక్క మహిమ కూడా లేదు. కావాలంటే మన పెద్దలు పెట్టుకోవచ్చు కదా? పాముల వాన కురిసిందనో, రాజు ఏనుగులు గుడ్డివైపోయాయనో, పులులు వచ్చి సైన్యాన్ని తరిమాయనో చెప్పుకోవచ్చు. పులుల మధ్య పెరిగిన పిల్ల కష్టంలో ఉంటే పులులు రావడం కథకు ఎంత బాగా కుదురుతుంది! అయినా వాళ్ళు ఆ పని చేయలేదు. బాణాలున్నవాళ్ళు సైన్యం ముందు ఓడిపోయారు అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మహిమ ఓటమి తర్వాతే వచ్చింది.

దీన్ని మేము చాలా నిజాయితీ ఉన్న కథ అంటాం. తరతరాలుగా పాడుకునే పాటలో సొంత ఓటమిని దాచుకోకపోవడం మామూలు సంగతి కాదు.

మరి ఆ మాయం కావడం ఏమిటి? గెలిచిన రాజుకు ఓడినవాడి శవం కావాలి. శవం చూపిస్తే మిగిలినవాళ్ళు భయపడతారు. ఇది పాతకాలపు సంగతే కాదు. 1924లో అల్లూరి సీతారామరాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపాక, శవాన్ని మంచానికి కట్టి కృష్ణదేవిపేటకు తెచ్చారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక కూడా పోలీసులు కాల్పులు ఆపలేదని, భీంకు మంత్రాలు వచ్చని, మళ్ళీ లేస్తాడని భయపడి శరీరం జల్లెడ అయ్యేదాకా కాల్చారని పెద్దలు చెప్తారు. ఈ మాట మనల్ని ఆలోచింపజేయాలి. మహిమలను నమ్మేది ఆదివాసులే అని అంటారు. తుపాకి పట్టుకున్నవాడు కూడా నమ్మాడు, నమ్మి భయపడ్డాడు.

సమ్మక్క శవం రాజుకు దొరకలేదు. చిలకలగుట్ట మహిమకు మేము చెప్పుకునే అర్థం అది. ఆమెను చంపగలిగారు గాని సొంతం చేసుకోలేకపోయారు. రాజు చేతికి రావలసింది రాలేదు, మన చేతికి కుంకుమ భరిణ వచ్చింది. ఇప్పుడు రెండో రోజు సాయంత్రం ఆ భరిణ గుట్ట దిగేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం చెప్తాడు. ఒకనాడు రాజు ఆయుధాలు ఆమె మీదికి వచ్చాయి, ఈనాడు ప్రభుత్వ ఆయుధం ఆమెకు వందనం చేస్తుంది. 1996లో ఇది రాష్ట్ర పండుగ అయింది. వందనం మంచిదే. కాని తుపాకి చప్పుడు విని మురిసిపోయే ముందు, యుద్ధం ఎందుకు వచ్చిందో మన పిల్లలకు గుర్తుందా అని చూసుకోవాలి. కరువులో పన్ను కట్టలేమన్నందుకు వచ్చింది.

మూడో మహిమ చిన్నది, అందరి చేతిలో ఉండేది. బెల్లాన్ని మనం బంగారం అంటాం. నిలువెత్తు బంగారం అంటే మన బరువంత బెల్లం తూచి ఇవ్వడం. అంగట్లో కొన్నప్పుడు అది బెల్లమే, గద్దె దగ్గర బంగారం. ఏ రసాయన చర్యా జరగలేదు, పిలిచే మాట మారింది. బంగారం లేనివాళ్ళు తమ దగ్గర ఉన్నదాన్ని బంగారం అన్నారు, తల్లి కాదనలేదు. దీన్ని అబద్ధమని ఏ హేతువాదీ అనడు, మహిమ అని ఏ భక్తుడూ చెప్పుకోడు. కాని మతంలో మహిమ చేసే పని ఏమిటో దీనిలో తేటగా కనిపిస్తుంది. వస్తువు మారదు, దాని విలువ మారుతుంది.

ఇంతవరకు మన కథను మెచ్చుకున్నాం. ఇక్కడితో ఆపేస్తే అది విమర్శ కాదు, భజన అవుతుంది. మన చరిత్రలోనే మరో రకం మహిమ ఉంది. దాని సంగతి కూడా చెప్పుకోవాలి.

1900లో విశాఖ ఏజెన్సీలో, సాలూరు వైపు, కొర్రా మల్లయ్య అనే కొండదొర ఉండేవాడు. తనకు దేవుడు పూనాడని, తాను పాండవుల్లో ఒకడినని, తన చంటిబిడ్డ కృష్ణుడని చెప్పాడు. ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొట్టి తానే ఏలుతానన్నాడు. వెదురు కర్రలు తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీళ్ళవుతాయని మాట ఇచ్చాడు. నాలుగైదు వేలమంది చేరారు. వెదురును తుపాకుల్లా చెక్కి కవాతు చేశారు. పోలీసులు వచ్చారు. వెదురు వెదురుగానే ఉంది. తూటాలు నీళ్ళు కాలేదు. పదకొండుమంది చనిపోయారు. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో ఇదంతా ఉంది.

గెజిటీర్ రాసిన దొరకు మల్లయ్య ఒక మోసగాడు, జనం ఒక వెర్రి గుంపు. అది అన్యాయపు రాత. తుపాకి లేనివాడు వెదురును తుపాకిగా చూశాడంటే అతని మీద ఎంత బరువు పడి ఉంటుందో ఆ రాతలో లేదు. అదే ఏడాది జనవరి 9న ఛోటానాగపూర్‌లో డోంబారి కొండ మీద బిర్సా ముండా మనుషుల మీద కాల్పులు జరిగాయి. అక్కడా తూటాలు నీళ్ళవుతాయనే నమ్మకం ఉండింది. 1905లో జర్మన్ల ఏలుబడిలో ఉన్న తూర్పు ఆఫ్రికాలో, నేటి టాంజానియాలో, జనం మంత్రించిన నీళ్ళు చల్లుకుని తుపాకులకు ఎదురెళ్ళారు. ఆ తిరుగుబాటు పేరే మాజీ మాజీ. స్వాహిలీలో మాజీ అంటే నీళ్ళు. ఒకరినొకరు చూడని మూడు చోట్ల జనం ఒకే మహిమను కోరుకున్నారు. అందుకని దీన్ని వెర్రితనం అని తీసిపారేయలేం. ఎదుటివాడి దగ్గర తుపాకి ఉండి మన దగ్గర లేనప్పుడు మనిషి మనసు వెదుక్కునే దారి అది.

అయితే జాలి పడటం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆ నమ్మకం ధైర్యం ఇచ్చింది, నిజమే. ప్రాణాలు కూడా తీసింది. బిర్సా అదే ఏడాది జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయాడు. ముండాల భూమికి కొంత రక్షణ వచ్చింది 1908 కౌలు చట్టంతో. ఆ చట్టం వాళ్ళ పోరాటం వల్ల వచ్చింది, తూటాలు నీళ్ళవడం వల్ల కాదు.

ఇప్పుడు రెండు కథలను పక్కపక్కన పెట్టండి. మల్లయ్య మహిమ పోరుకు ముందు ఇచ్చిన మాట. ఇలా చేయి, నీకేమీ కాదు అన్నది. సమ్మక్క మహిమ పోరు తర్వాత చెప్పుకున్న జ్ఞాపకం. ఇలా జరిగింది, మరిచిపోకు అన్నది. ముందు చెప్పే మహిమ మన ప్రాణాన్ని పందెం పెట్టమంటుంది. తర్వాత చెప్పుకునే మహిమ పోయిన ప్రాణానికి విలువ కడుతుంది. రెండింటినీ ఒకే మాటతో పిలుస్తాం గనుక రెండూ ఒకటే అనుకుంటున్నాం. మా పొరపాటు కూడా అక్కడే జరిగింది.

అది చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేం. కొన్నేళ్ళ కింద, వానాకాలంలో, మేము పనిచేసే ఊళ్ళో నాలుగో తరగతి పిల్లవాణ్ణి రాత్రి పడుకున్నచోట కట్లపాము కరిచింది. కట్లపాము కాటుకు పెద్దగా నొప్పి ఉండదు, వాపూ ఉండదు. పిల్లవాడు మామూలుగానే మాట్లాడుతున్నాడు. ఇంటివాళ్ళు మంత్రం వేసే పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్ళారు. మాకు కబురు తెలిసి మేమూ వెళ్ళాం. ఆయన వేపమండలతో దించి, "విషం దిగింది, ఏం కాదు, పొద్దున బడికి పంపండి" అన్నాడు. మాకు అనుమానం ఉంది. దవాఖానకు పోదామని ఒకసారి అన్నాం. వాగు వస్తున్నది సార్, ఇప్పుడెట్ల పోతం అన్నారు. వాళ్ళ నమ్మకాన్ని కాదంటే "చదువుకుని పెద్దోడివయ్యావు" అంటారేమోనని మేము రెండోసారి అనలేదు. తెల్లవారుజామున పిల్లవాడి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. మంచం మీద మోసుకుని వాగు దాటించేసరికి ఊపిరి ఆగిపోయింది.

ఆ పెద్దమనిషి చెడ్డవాడు కాదు. రూపాయి తీసుకోలేదు. ఆయన మంత్రంతో బతికినవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, అదే ఆయన ధైర్యం. కాని కరిచే పాముల్లో చాలావాటికి విషం ఉండదు. విషం ఉన్న పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. అలాంటప్పుడు మంత్రం వేసినా వేయకపోయినా మనిషి బతుకుతాడు, పేరు మంత్రానికి వస్తుంది. విషం ఎక్కినవాడికి కావలసింది విరుగుడు సూది. అది దవాఖానలో ఉంటుంది, వాగు అవతల ఉంటుంది. మంత్రం గుడిసె పక్కనే ఉంటుంది. కాబట్టి తప్పంతా నమ్మకం మీద వేసి తప్పుకోవడం కూడా సరికాదు. వంతెన లేని చోట మంత్రం బలంగా ఉంటుంది.

అయినా ఆ రాత్రి మేము మాట్లాడకపోవడం మా తప్పే. సంస్కృతిని గౌరవిస్తున్నాం అనుకుని నోరు మూసుకున్నాం. "ఏం కాదు" అన్న మాట ముందు ఇచ్చిన మహిమ. వెదురు తుపాకి అవుతుందన్న మాట లాంటిదే అది. సమ్మక్క కథ ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. ఏం కాదు అని ఆమె ఎవరికీ మాట ఇవ్వలేదు, తన కడుపున పుట్టినవాళ్ళనే కాపాడుకోలేకపోయింది. కాబట్టి ఆ రాత్రి దవాఖానకు పొమ్మని గట్టిగా చెప్పి ఉంటే మేము మన వేల్పును కాదన్నవాళ్ళం అయ్యేవాళ్ళం కాదు. ఈ సంగతి మాకు అప్పుడు తెలియదు.

ఇప్పుడు మన గూడేలకు రకరకాల మహిమలు వస్తున్నాయి. నూనె రాస్తే జబ్బు పోతుందనేవాళ్ళు, తాయెత్తు కడితే ఉద్యోగం వస్తుందనేవాళ్ళు, పూజ చేయిస్తే గర్భం నిలుస్తుందనేవాళ్ళు. ఏ దేవుడి పేరుతో వచ్చినా అడగవలసిన ప్రశ్న ఒకటే. ఇది జరిగిపోయినదాని గురించి చెప్తున్నదా, జరగబోయేదానికి మాట ఇస్తున్నదా? మాట ఇస్తుంటే, ఆ మాట తప్పితే పోయేది ఎవరి ప్రాణం?

టీచర్లకు ఒక మాట. రాజ్యాంగం 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అంటుంది. మన సంస్కృతి వారసత్వాన్ని కాపాడుకోవడం కూడా విధే అని అదే అధికరణంలో ఉంది. రెండూ ఒకే చోట ఉన్నాయి. పాముకాటు గురించి పాఠం చెప్పేటప్పుడు దవాఖాన పేరు, దారి, ఫోను నంబరు బోర్డు మీద రాయించండి. జాతర గురించి పాఠం చెప్పేటప్పుడు అంగట్లో కొన్న పుస్తకం చదవకండి. ఊళ్ళో పెద్దమనిషిని, డోలి కొట్టి పడిగె కథ చెప్పేవాళ్ళను తరగతికి పిలిచి చెప్పించండి. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ఆ కథలను ఎవరు చెప్పారో, ఏ ఊళ్ళో చెప్పారో రాసి పెట్టుకోండి. మనం రాసుకోకపోతే రాసేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ పుస్తకంలో సమ్మక్క మన తల్లిగా మిగలదు.

ఇక ఆ పాపకు మేము ఏం చెప్పామంటే, సంవత్సరం పరీక్షలకు ముందు ఒక మధ్యాహ్నం ఆమెను పిలిచి ఇలా అన్నాం. "సైన్సు సార్ చెప్పింది నిజం బిడ్డా, మనిషి శరీరం మాయం కాదు. మీ నాయనమ్మ చెప్పేది కూడా విను. ఆమె శవం రాజుకు దొరకలేదని మీ నాయనమ్మ చెప్తున్నది."

పాప కాసేపు ఆలోచించింది. "అంటే మనోళ్ళే దాచిపెట్టి ఉంటరా సార్?" అంది.

మాకు ఆ ఆలోచన ఎన్నడూ రాలేదు. మీ నాయనమ్మను అడిగి రాసుకుని రా అన్నాం.